తగ్గాల్సిన నొప్పి

పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలడానికి ముందు మా అమ్మ ఆ నొప్పితో రెండేళ్ళు నెట్టుకొచ్చింది. రాత్రి భోజనమయ్యాక గంటకో రెండు గంటలకో కుడి డొక్కలో మొదలై వీపు దాకా పాకేది. గ్యాస్ అనుకుని వాము నమిలేది, సోడా తాగేది, తెల్లవార్లూ మంచం మీద దొర్లి పొద్దున్నే లేచి ఎప్పట్లాగే వాకిలి ఊడ్చేది. ఇంట్లో ఎవరినీ లేపేది కాదు. నొప్పిని బయటపెట్టకపోవడం ఆ తరం ఆడవాళ్ళకు చిన్నప్పుడే నేర్పిన పని. ఆపరేషన్ తర్వాత మేం పడ్డ అవస్థకు ఈ అలవాటుతో చాలా సంబంధం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లె. స్కానింగులో రాళ్ళు కనబడ్డాక గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్‌కి రోజు ఖాయం చేశారు. ఆ మాట విని మా పెద్దమ్మ వచ్చింది. ఆవిడకు ఇదే ఆపరేషన్ 1980ల్లో అయింది. కుడి పక్కటెముకల కింద జానెడు పొడవున కోసిన మచ్చ ఇప్పటికీ ఉంది. పది రోజులకు పైగా ఆస్పత్రిలో ఉంచారట, రెండు నెలలు బిందె ఎత్తనివ్వలేదట. ఇప్పుడు అంత కోత లేదు. 1985లో జర్మనీలో ఎరిష్ మ్యూహె అనే సర్జన్ బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, గొట్టం గుండా లోపలికి చూస్తూ పిత్తాశయాన్ని తీసేశారు. మన దేశంలో 1990లో ముంబై జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా ఆ పద్ధతి మొదలుపెట్టారు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు పంపి ఉబ్బిస్తారు, నాలుగు చిన్న రంధ్రాల గుండా కెమెరా, పనిముట్లు దించుతారు, పిత్తాశయం గొట్టానికి క్లిప్పులు వేసి కత్తిరించి, సంచీని బొడ్డు దగ్గర రంధ్రంలోంచి బయటికి లాగుతారు. మర్నాడు ఇంటికి పంపిస్తారు.

మర్నాడే పంపిస్తారన్న ఆ సంగతి మా ఇంట్లో అందరికీ ఎంతో ధైర్యాన్నిచ్చింది. అంత తేలిక పని కాబట్టే పంపిస్తున్నారని అనుకున్నాం. ఆస్పత్రిలో పది రోజులు నర్సులు చూసుకునే పని ఇప్పుడు ఇంట్లోవాళ్ళ మీద పడిందని మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. గాయం చిన్నదైనంత మాత్రాన లోపల జరిగిన పని చిన్నది కాదు. పెద్దమ్మ కడుపులో ఎక్కడ కోశారో అమ్మ కడుపులోనూ అక్కడే కోశారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రానికి అమ్మ కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. మర్నాడు పొద్దున ఇడ్లీ తినిపించారు, వరండాలో నడిపించారు. కుడి భుజం పీకుతోందని అమ్మ చెబితే సిస్టర్ వివరంగా చెప్పింది. పొట్టలో నింపిన గాలి కొంత మిగిలిపోయి, ఊపిరితిత్తుల కింద ఉండే పొరను ఒరుసుకుంటుందట. ఆ పొరకీ భుజానికీ మెడ దగ్గర్నుంచి వచ్చే నరాలు ఒక్కటే కావడంతో నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో గాలి ఒంట్లో కలిసిపోయి అదే తగ్గిపోతుంది.

డిశ్చార్జి చేసేటప్పుడు చేతికి ఒక ఫైలిచ్చారు. అంతా ఇంగ్లీషులో. మందుల పేర్లు, పూటల గుర్తులు, వారం తర్వాత కుట్లు చూపించుకోవడానికి రమ్మని తేదీ, అడుగున చిన్న అక్షరాల్లో ఒకే ఒక్క వాక్యం: జ్వరం, నొప్పి, వాంతులు ఉంటే సంప్రదించండి అని. ఎంత జ్వరం? ఎలాంటి నొప్పి? ఆపరేషన్ అయినవాళ్ళకి నొప్పి ఉండకుండా ఎలా ఉంటుంది? బడిలో పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకు చదవడం వచ్చు. చదివినా ఏం కనిపెట్టి చూడాలో తెలియలేదు. ఫైలు తీసుకుని నిలబడితే, నైట్ డ్యూటీ దిగి వెళ్ళబోతున్న పెద్ద సిస్టర్ ఒకావిడ నా మొహం చూసి ఆగింది.

“ఒక నోటుబుక్కు పెట్టుకోండమ్మా. పొద్దున, సాయంత్రం నాడి ఎంత కొట్టుకుంటుందో, జ్వరమెంతో, ఏం తిన్నదో, ఒంటికి ఎన్నిసార్లు వెళ్ళిందో రాయండి. ఒక్క పూట చూస్తే ఏమీ తెలీదు. వరసన చూస్తే తెలుస్తుంది. ఆపరేషన్ చేయించుకున్న మనిషి రోజుకి రోజు కాస్త తేలికపడాలి. నిన్నటికన్నా ఇవాళ ఎక్కువైతే మాత్రం ఆగకండి” అంది. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్ళు ఆనించి నాడి లెక్కపెట్టడం ఆవిడే చూపించింది. బొటనవేలితో పట్టుకోకూడదట, మన నాడే మనకు తగులుతుంది. జ్వరం చూడటం గురించి ఇంకో సంగతి కూడా చెప్పింది: నొప్పికిచ్చే పారాసెటమాల్ జ్వరాన్నీ అణిచేస్తుంది కాబట్టి, మాత్ర వేసే ముందు చూడాలి, వేశాక కాదు. ఆస్పత్రిలో అప్పటిదాకా విన్న మాటలన్నిటిలో నాకు పనికొచ్చినవి ఇవే.

ఇంటికొచ్చిన రోజు, ఆ మర్నాడు అమ్మ చక్కగా ఉంది. నాడి 78, 80. జ్వరం లేదు. జావ తాగింది, మెత్తగా వండిన అన్నంలో బీరకాయ కూర కలుపుకు తింది. రాత్రి మా తమ్ముడు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేస్తే జడ ముందుకేసుకుని, బొట్టు సరిచేసుకుని మాట్లాడింది. భుజం నొప్పి చాలావరకు తగ్గింది.

ఆ తర్వాతి పొద్దున కాఫీ అడగలేదు.

మా అమ్మ కాఫీ అడగకపోవడమనేది మా ఇంట్లో ఎప్పుడూ జరగదు. నేను కలిపి తెస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేసింది. “ఎలా ఉందమ్మా?” అంటే “బాగానే ఉందే, నోరు చేదుగా ఉంది” అంది. మధ్యాహ్నానికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. వెల్లకిలా పడుకోలేక దిండ్లకి ఆనుకుని మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తగ్గిన భుజం నొప్పి మళ్ళీ వచ్చింది. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా తలో మాట చెప్పారు. గ్యాస్ పట్టిందని ఒకరు, కడుపు కోశాక వారం దాకా ఇంతేనని ఇంకొకరు, దిష్టి తీయమని పెద్దమ్మ. పిన్ని సోంపు కషాయం కాచింది. ఎవరూ చెడు కోరి అన్నవి కావు, ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పారు. పైగా భుజం నొప్పి మామూలేనని ఆస్పత్రిలోనే చెప్పారు కదా.

సాయంత్రం మాత్ర వేసే ముందు జ్వరం చూస్తే 99.8. “జ్వరమే లేదుగా, ఊరికే కంగారు పడతావు” అంది అమ్మ. నాడి చూశాను. 104. కదిలిందేమోనని కాసేపు పడుకోబెట్టి మళ్ళీ చూశాను. 106. నోటుబుక్కు తెరిస్తే ఆ అంకె పైన 78, 80, 84, 92 వరసగా ఉన్నాయి. తిండి ఉన్న చోట ఒక ఇడ్లీ, అర ఇడ్లీ, రెండు గుక్కల కాఫీ. గాలి పోలేదు, విరేచనం లేదు. ఏ ఒక్కటీ విడిగా చూస్తే భయపడాల్సింది కాదు. వరసలో మాత్రం అన్నీ ఒకే వైపు పోతున్నాయి. భుజం నొప్పి సంగతి కూడా అంతే. మొదటి రోజున్న భుజం నొప్పి గాలి వల్ల, అది తగ్గిపోయింది. తగ్గినది తిరిగొచ్చిందంటే ఆ పొరను ఇప్పుడు ఒరుస్తున్నది గాలి కాకపోవచ్చు. ఆ రాత్రి నాకు ఇంత స్పష్టంగా తెలియదు. తగ్గాల్సింది పెరుగుతోందని మాత్రం తెలిసింది.

ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఎత్తిన మనిషి ఓపిగ్గానే విన్నాడు. “గ్యాసేనండీ, లాప్రోస్కోపీ అయిన వాళ్ళందరికీ ఉంటుంది, నడిపించండి, రేపు ఓపీకి తీసుకురండి” అన్నాడు. నాడి గురించి చెప్పాను. భయపడితే అలాగే కొట్టుకుంటుందన్నాడు. ఫోన్ పెట్టేసి అమ్మ దగ్గరికొచ్చి కూర్చున్నాను. నుదుటి మీద చెమట. పొట్ట మీద చీర కుచ్చిళ్ళు పొద్దున కన్నా బిగుతుగా ఉన్నాయి. “అమ్మా, ఒట్టు పెట్టి చెప్పు. నిన్నటి నొప్పి ఎక్కువా, ఇవాళ్టిది ఎక్కువా?” అన్నాను. ఎంత నొప్పి అని అడిగితే ఆవిడ ఎప్పటికీ చెప్పేది కాదు. రెండు రోజుల్లో ఏది ఎక్కువంటే అబద్ధమాడలేకపోయింది. “ఇవాళ్టిదేనే. ఊపిరి పీలిస్తే పొడుస్తోంది” అంది. మా ఆయన కారు తీశారు.

తెనాలి నుంచి గుంటూరుకు ఆ వేళప్పుడు గంట పట్టదు. దారిలో గతుకొచ్చినప్పుడల్లా అమ్మ నా చేయి పట్టుకుని బిగించేది. అత్యవసర విభాగంలో కుర్ర డాక్టరు ఒకాయన పొట్ట మీద నెమ్మదిగా నొక్కి, చటుక్కున చేయి తీశాడు. తీసినప్పుడు అమ్మ అరిచింది. దగ్గమంటే దగ్గలేకపోయింది. ఆయన మొహం మారింది. వెంటనే సెలైన్ పెట్టించి, రక్తం తీయించి, స్కానింగుకి పంపాడు. కాలేయం కింద, పొట్టలో కుడివైపు నీరు చేరిందని తేలింది. ఆపరేషన్ చేసిన సర్జన్‌గారు ఇంటి నుంచి వచ్చారు. నేను నోటుబుక్కు ఇస్తే నిలబడే చదివారు, నాడి వరస మీద వేలితో గీత గీసినట్టు కిందికి చూసుకుంటూ వెళ్ళారు.

ఆయన దాచకుండా చెప్పారు. పైత్యరసం కారుతోందేమోనని అనుమానం. క్లిప్పు వేసిన చోట గొట్టం మొదలు దగ్గర కారవచ్చు, లేదా పిత్తాశయం అంటుకుని ఉన్న కాలేయం మీద కంటికి ఆనని సన్న గొట్టాలు కొందరిలో ఉంటాయి, అవి తెగి కారవచ్చు. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. అది పేగులోకి పోవాల్సింది పోయి పొట్టలోకి కారితే పొట్ట లోపలి పొర వాచిపోతుంది, తర్వాత క్రిములు చేరతాయి, తర్వాత ఒళ్ళంతా విషమవుతుంది. ఈ ఇబ్బంది చాలా అరుదు. ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి వస్తుంది. తొందరగా తెలిస్తే ఇంకోసారి పొట్ట కోయకుండానే సరిచేయవచ్చు.

ఆ రాత్రే స్కానింగులో చూస్తూ డొక్కలోకి సూది గుచ్చి సన్నటి గొట్టం పెట్టారు. ముదురు పచ్చగా, కొంచెం బంక బంకగా సంచీలోకి దిగింది. మొదటి పూటే 400 మిల్లీలీటర్లు. కారణం తెలియక అంతసేపు సోంపు నీళ్ళతో భరించింది ఈ మనిషి. నాకు దుఃఖం ఆగలేదు. అమ్మ మాత్రం గొట్టం పెట్టిన పావుగంటకే కాళ్ళు చాపుకుంది. మధ్యాహ్నం నుంచి చాపని కాళ్ళు.

కారడం ఆగాలంటే రెండో పని చేయాలి. నోటి గుండా ఎండోస్కోపు దించి, చిన్నపేగులో పైత్యరసం గొట్టం తెరుచుకునే చోటికి పోయి, ఆ ద్వారాన్ని కొద్దిగా కోసి, లోపల ప్లాస్టిక్ స్టెంటు పెడతారు. దాన్ని ఈఆర్‌సీపీ అంటారు. ఆ ద్వారం దగ్గర సహజంగా ఉండే బిగువు తగ్గిపోయి, పైత్యరసం తేలికైన దారిన పేగులోకి పోతుంది. కారుతున్న చోట ఒత్తిడి లేక అదే మూసుకుపోతుంది. వినడానికి ఎంతో సున్నితమైన ఆలోచన ఇది. చిల్లి జోలికే పోకుండా దారి మళ్ళించడం. ఈ విద్యలో హైదరాబాదుకు దేశంలోనే పేరుంది. కర్నూలు వైద్య కళాశాలలో చదువుకున్న డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి అక్కడ ఎంతో మందికి నేర్పారు, 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చారు. ఒకప్పుడు ఈ పనికి హైదరాబాదుకో వెల్లూరుకో పరిగెత్తాల్సి వచ్చేది. మా అమ్మను అంబులెన్సులో విజయవాడ తీసుకెళ్తే సరిపోయింది. స్టెంటు పెట్టడానికి గంట కూడా పట్టలేదు.

మర్నాడు సంచీలోకి వచ్చింది 250. ఆ తర్వాత 90, ఆ తర్వాత 30. నా నోటుబుక్కులో ఈ వరస కిందికి దిగుతుంటే నాడి వరస కూడా దిగింది. 96, 88, 82. ఒక పొద్దున అమ్మ “కాఫీ ఇవ్వరా ఇక్కడ?” అంది. సిస్టర్ దగ్గరికి పరిగెత్తుకెళ్ళి చెప్పాను.

గుంటూరుకు తిరిగొచ్చాక మళ్ళీ కొన్నాళ్ళు వార్డులో ఉండాల్సి వచ్చింది. ఆరు మంచాల వార్డు. రోగుల కన్నా పక్కనున్న వాళ్ళని ఎక్కువ చూశాను. అందరి మొహాల్లోనూ ఒకటే ప్రశ్న: ఇది ఉండేదేనా, ఉండకూడనిదా?

పక్క మంచం మీద మోకాలి మార్పిడి చేయించుకున్న మామ్మగారు. పొన్నూరు వైపు నుంచి వచ్చారు. ఆపరేషన్ చేసిన కాలు వాచడం సహజమేనని అందరికీ తెలుసు. వాళ్ళ కోడలు మాత్రం పొద్దున్నే కొబ్బరినూనె రాయబోయి, పిక్క రాయిలా బిగుసుకుని వేడిగా ఉందని, రాత్రికి రాత్రే రెండో పిక్కకు రెట్టింపయిందని గమనించింది. నూనె రాయడం ఆపి సిస్టర్‌ని పిలిచింది. డాప్లర్ స్కానింగు చేస్తే సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. అలాంటి కాలును మర్దనా చేయకూడదని డాక్టరు చెప్పారు. గడ్డ విడివడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, మనిషికే ప్రమాదం. రక్తం పలచబడే ఇంజెక్షన్లు పెంచారు. ఆ కోడలు పదో తరగతి కూడా చదవలేదు. రోజూ రెండు కాళ్ళకీ తనే నూనె రాసేది కాబట్టి ఆమె చేతులకు తేడా తెలిసింది.

ఎదుటి మంచం మీద గర్భసంచి తీయించుకున్న పెద్దావిడ. అప్పటిదాకా మనవలతో కబుర్లు చెబుతున్న మనిషి ఒక సాయంత్రం కొడుకుని పట్టుకుని “నువ్వెవరు బాబూ?” అంది. చనిపోయిన తన అత్తగారిని పిలవడం మొదలుపెట్టింది. ఏదో సోకిందని వాళ్ళవాళ్ళు చేతికి తాయెత్తు కట్టారు. రక్తపరీక్షలో సోడియం 118 వచ్చింది, ఉండాల్సింది 135 నుంచి 145. ఎన్నో ఏళ్ళుగా వేసుకుంటున్న బీపీ మాత్ర మూత్రంలో ఉప్పును పంపేసే రకం. దానికి తోడు ఆపరేషన్ తర్వాత తిండి తగ్గి నీళ్ళెక్కువ తాగారు. నెమ్మదిగా, రెండు మూడు రోజుల మీద సరిచేశారు. సోడియం ఒక్కసారిగా పెంచడమూ ప్రమాదమేనట. కొడుకు పేరు పెట్టి పిలిచిన రోజు వార్డంతా కదిలింది. పెద్దవాళ్ళు ఆపరేషన్ తర్వాత మాట తడబడితే వయసనీ, గాలి సోకిందనీ వదిలేయకూడదని అక్కడే తెలుసుకున్నాను. దాని వెనక ఉప్పు తగ్గడమో, మూత్రంలో చీమో, ఆక్సిజన్ చాలకపోవడమో ఉండొచ్చు.

మూడు బంతులుండే ప్లాస్టిక్ పరికరం ప్రతి మంచం దగ్గరా ఉంటుంది. అందరూ దాన్ని ఊదుతారు. ఊదకూడదు, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చాలి. అప్పుడే బంతులు లేవాలి. నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయకుండా పడుకుంటే ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది, కఫం చేరుతుంది, న్యుమోనియాకు దారి తీస్తుంది. అమ్మ మొదట ఒక బంతి కూడా లేపలేకపోయింది. పొట్ట మీద దిండు అదిమిపట్టుకుని పీల్చమని ఫిజియోథెరపిస్టు అమ్మాయి చెప్పాక రెండు బంతులు లేచాయి. దగ్గడానికీ అదే ఉపాయం.

ఇంటికొచ్చాక అసలు యుద్ధం పథ్యం దగ్గర జరిగింది. పప్పు తింటే చీము పడుతుందని మా వైపు గట్టి నమ్మకం. గుడ్డు వేడి, పెరుగు నెమ్ము, వంకాయ దురద. చివరికి మిగిలేది బీరకాయ, పొట్లకాయ, చారన్నం. పది రోజులకు పైగా సరిగ్గా తినక, మంచం మీదే ఉన్న మనిషి తొడల కండ కరిగిపోయింది. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. కందిపప్పులో వంద గ్రాములకు ఇరవై గ్రాములకు పైగా ఉంటాయి. ఒక్క గుడ్డులో ఆరు గ్రాములు. చీము పట్టేది క్రిముల వల్ల, షుగరు అదుపులో లేకపోవడం వల్ల, మురికి చేతుల వల్ల. కందిపప్పు వల్ల కాదు. ఈ మాట నేను చెబితే పెద్దమ్మ వినలేదు. సర్జన్‌గారి చేత ఫోన్‌లో చెప్పించాను. “నువ్వు తినమ్మా, ముద్దపప్పు నెయ్యి వేసుకుని తిను, కొవ్వు మాత్రం కొద్దికొద్దిగా మొదలుపెట్టు” అన్నారాయన. పెద్దమ్మ మూతి ముడుచుకుని, తనే వెళ్ళి కందిపప్పు ఉడకేసింది. ఆవిడ ప్రేమ అలాంటిది. అమ్మకేమవుతుందోనన్న భయంతోనే పప్పు వద్దంది, అదే భయంతో వండిపెట్టింది.

గాయాల సంగతి పెద్దగా చెప్పాల్సింది లేదు. గొట్టం తీసిన చోట రెండు రోజులు తడిగా ఉంది, ఆరిపోయింది. చుట్టూ ఎరుపు పాకుతుంటే, వేడిగా ఉంటే, వాసన వేస్తే, కుట్లు విప్పాకయినా సరే రమ్మన్నారు. గాయంలో చీము చాలాసార్లు అయిదారు రోజుల తర్వాతే బయటపడుతుందట. పసుపు పెట్టొద్దన్నారు, పెట్టలేదు. బొడ్డు దగ్గర గాటును రోజూ ఒకే వెలుతురులో, కిటికీ పక్కన నిలబెట్టి చూసేదాన్ని.

అన్నిటికన్నా నన్ను వేధించింది అమ్మ మనసు. నొప్పి లేదు, జ్వరం లేదు, అయినా కిటికీ వైపు తిరిగి పడుకునేది. “మీకందరికీ ఎంత ఖర్చు పెట్టించానే” అనేది. ఒక ఆపరేషన్‌కి సిద్ధపడ్డ మనిషికి వెంటవెంటనే మరో రెండు జరిగితే ఒంటి మీద నమ్మకం పోతుంది. మళ్ళీ కడుపులో చిటుక్కుమన్నా భయపడేది, ఆ భయాన్ని మళ్ళీ దాచేది. దీనికి నా దగ్గర మందు లేదు. సాయంత్రాలు ఆవిడతో పాటు కాలువ గట్టు దాకా నడిచేదాన్ని. నోటుబుక్కును ఆవిడ చేతికే ఇచ్చాను. మూడో తరగతి వరకు చదివిన అమ్మ పెద్ద పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. “నొప్పి లేదు” అని రాయడం మానేసి “కుడివైపు, అన్నం తిన్నాక, కొంచెం” అని రాసింది. ఆవిడ జీవితంలో తన నొప్పి గురించి తనే రాసుకున్న మొదటి మాట అది. రెండేళ్ళ పాటు వాము నమిలి మింగిన నొప్పులన్నీ గుర్తొచ్చి నేను ఆ పేజీని చాలాసేపు చూశాను.

స్టెంటు తీయించుకునే తేదీ వచ్చేసరికి అమ్మ పూర్తిగా తేరుకుంది. పొలానికి కూడా వెళ్ళొచ్చింది. “ఇంత బాగుంటే మళ్ళీ ఆ గొట్టం మింగడమెందుకే?” అంది. ఇక్కడే చాలామంది ఆగిపోతారని విజయవాడ డాక్టరుగారు ముందే హెచ్చరించారు. కారడం ఆగిపోయాక, సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు, స్టెంటు తీసేయాలి. ప్లాస్టిక్ స్టెంటు నెలల తరబడి లోపలే ఉంటే పూడుకుపోయి చలిజ్వరం, కామెర్లు తెస్తుంది. బాగున్నామని మరిచిపోయి, ఏడాదికో రెండేళ్ళకో ఒళ్ళు పచ్చబడి వచ్చేవాళ్ళు ఉన్నారట. వంటింటి క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసి ఉంచాను. తీసుకెళ్ళాం. తీయడానికి పది నిమిషాలు. తీసిన స్టెంటును చూపించారు. చిటికెన వేలి కన్నా కాస్త పొడవు, పెన్ను రీఫిల్లంత లావు. “ఇదా?” అంది అమ్మ.

ఆ ఏడాది సంక్రాంతి ముందు మా వీధి చివరి ఇంటాయనకు గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయింది. డెబ్భై దాటిన మనిషి. పొద్దున చేసి సాయంత్రానికి ఇంటికి పంపారు. చూడ్డానికి వెళ్దామని అమ్మే నన్ను తీసుకెళ్ళింది. పళ్ళు అక్కడ పెట్టి, మంచం పక్కన కూర్చుని, ఆయన్ని కాకుండా ఆయన భార్యని అడిగింది: “వదినా, అన్నయ్య ఒంటికి ఎప్పుడు వెళ్ళాడు?” ఆవిడ ఆలోచించి, ఆస్పత్రి నుంచి వచ్చాక వెళ్ళలేదంది. ఆయన విసుక్కున్నాడు. నీళ్ళు తాగలేదు కాబట్టి రావట్లేదన్నాడు. అమ్మ ఊరుకోలేదు. “పొద్దుటి కన్నా ఇప్పుడు పొత్తికడుపు బిగువుగా ఉందా, లేదా? అది చెప్పు అన్నయ్యా” అంది. ఆయన చేయి పొత్తికడుపు మీదికి పోయింది. ఉందన్నాడు. వాళ్ళబ్బాయి ఆటో పిలిచాడు. వెన్నుకిచ్చిన మత్తుకు, ఆ వయసు మగవాళ్ళలో ఉండే ప్రోస్టేటు వాపు తోడై మూత్రం ఆగిపోవడం తరచూ జరిగేదేనని తెనాలిలో డాక్టరు చెప్పారట. గొట్టం వేస్తే లీటరు దాకా వచ్చింది. రెండు రోజులు గొట్టంతోనే ఉంచి, మందులిచ్చి తీసేశారు. పండగనాటికి ఆయన మా అరుగు మీద కూర్చుని అమ్మ పెట్టిన అరిసెలు తిన్నాడు.